ఖాళీగా ఉన్న రెండో స్లాట్

కోపం తగ్గాక రాయమని మా ఆవిడ చెప్పింది. నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఇది తగ్గే రకం కాదని తేలిపోయింది. అందుకని కోపంతోనే రాస్తున్నాను. కంప్యూటర్ సర్వీసు పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మీరు. పెద్దాయన ఏవో నాలుగు మంచి సుద్దులు చెప్తాడని మొదలుపెట్టి ఉంటే ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఇందులో నేను గొప్పగా చేసిన పని ఒక్కటీ లేదు. చేయాల్సిన పనిని చేయాల్సిన వేళకు చేయకపోవడం గురించే ఇదంతా.

మా ఇల్లు మద్రాసు వ్యాసర్పాడిలో, రైల్వే యార్డు వెనక. తాతల కాలం నుంచీ ఈ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లం. రేడియోలు బాగుచేయడంతో మొదలుపెట్టి, టీవీలు దాటి, కంప్యూటర్ల దాకా వచ్చాను. మొత్తం ముప్పై నాలుగేళ్లు. అందులో చివరి పదకొండేళ్లు టి. నగర్‌లో, పాండీ బజారు వెనక సందులో ఉన్న ఒక కంప్యూటర్ షాపులో గడిచాయి. అటు చీరల కొట్లు, ఇటు నగల కొట్లు, మధ్యలో ఇరుక్కుని మా బోర్డు. ఆ షాపు పేరు రాయను, ఎవరి పేరూ రాయను. ఎందుకు రాయనో మీకే అర్థమవుతుంది.

షాపులో ముగ్గురం. యజమానిని మావైపు మొదలాలి అంటాం. నలభై కూడా నిండని మనిషి, నవ్వు ముఖం, మాటకారి. రెండో మనిషి కౌంటర్లో కూర్చునే ఆమె. మా పేటే. వచ్చిన ప్రతి కంప్యూటర్‌కూ జాబ్ కార్డు రాసేది ఆమే. ఏ సరుకు వచ్చింది, ఏ స్థితిలో వచ్చింది, ఏం చేయమన్నారు, అన్నీ అందులో ఉంటాయి. ఆ కార్డులో ఆమె అక్షరం పడిందంటే కోర్టు కాగితంతో సమానం అని మేం నవ్వుకునేవాళ్లం. మూడోవాణ్ణి నేను.

నాకో పేరుండేది. "ఆయన చేతికిస్తే ఫైలు పోదు" అనేవారు. తాంబరం నుంచి కూడా వచ్చి నన్నే అడిగేవారు. ఆ మాట వినడమంటే నాకు ఇష్టం. మామూలు ఇష్టం కాదు, కాఫీ కన్నా ఎక్కువ. ఆ పేరు ఊరికే రాలేదు. రెండు పద్ధతులు పెట్టుకున్నాను. పాత డిస్కులోంచి కొత్తదాంట్లోకి కాపీ అయ్యాక, కస్టమర్ సొంత ఫోల్డర్లోంచి పెద్ద ఫైళ్లు అయిదు తెరిచి చూసేవాణ్ణి. నూరు శాతం పూర్తయిందని కంప్యూటర్ చెప్పిన మాట నమ్మేవాణ్ణి కాదు. రెండోది, తీసేసిన పాత డిస్కును కవర్లో పెట్టి, పైన కార్డు నంబరు రాసి, వారం రోజులు బీరువాలో ఉంచేవాణ్ణి.

ఈ రెండో పద్ధతికి మొదలాలి తిలోదకాలిచ్చాడు. ఎక్స్చేంజ్ పథకం అని ఒకటి తెచ్చాడు. పాత ఎస్సెస్డీ, అంటే ఈ కాలపు వేలెడంత డిస్కు, ఇస్తే కొత్తదాని మీద తగ్గింపు. ఆ పాతదాన్ని చెరిపి ఇంకొకరి మిషన్లో పెట్టి అమ్ముతాడు. "వారం రోజులు బీరువాలో పెట్టి పూజ చేస్తామా అన్నా?" అన్నాడు. నేను గొణిగాను. గొణగడం కూడా ఒక పనే అనుకునే రోజులవి.

పూజ అంటే గుర్తొచ్చింది, శుక్రవారం సంగతి చెప్పాలి. మొదలాలి తాతగారు అదే చోట స్టీలు గిన్నెలు అమ్మేవారు. జనం తమ గిన్నెలు తెచ్చి వాటి మీద పేర్లు కొట్టించుకుని పోయేవారు. శుక్రవారం సాయంత్రం షాపులో దీపం పెట్టేలోపు ఎవరి గిన్నె వాళ్లకు చేరిపోవాలని ఆ పెద్దాయన నియమం. పరాయి సొత్తు మన బల్ల మీద ఉండగా దీపం పెట్టకూడదనేవారట. ఎంత మంచి మాట! మనవడి చేతికొచ్చేసరికి అందులో సగమే మిగిలింది. శుక్రవారం దీపానికి ముందు బల్ల ఖాళీ కావాలి, అంతే. వాళ్లకు తిరిగిచ్చేశామా, చెరిపేశామా అన్నది ఎవరూ అడగరు. నేనూ అడగలేదు, పదకొండేళ్లు అదే బల్ల తుడుచుకుంటూ బతికాను.

నాలుగేళ్ల కిందటి ఆ శుక్రవారం కార్తీకమాసం, ముసురు పట్టి ఉంది. పదింటికల్లా ఒక అమ్మాయి ఆటో దిగింది. దుప్పటిలో చుట్టిన కంప్యూటర్ కేబినెట్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కింది. ఇరవై ఏడెనిమిదేళ్లుంటాయి. రాజమండ్రి నుంచి ఉద్యోగానికి వచ్చి, మాధవరం పాల కాలనీలో అద్దెకుంటోంది. ఇంట్లో ఆటలాడుకునే కంప్యూటర్ అది. మంచి గ్రాఫిక్స్ కార్డుంది, డిస్కు మాత్రం చిన్నది, ఐదువందల పన్నెండు జీబీ. నిండిపోయింది.

"డిస్కు పెంచాలండీ. ఉన్నది అలాగే ఉంచి ఇంకోటి పెట్టడానికి కుదురుతుందా?" అని అడిగింది.

సరైన ప్రశ్న. ఇంతకన్నా సరైన ప్రశ్న ఏ కస్టమరూ అడగరు. నేను అప్పటికే మూత తీసి చూస్తున్నాను. గ్రాఫిక్స్ కార్డు కింద, చిన్న రేకు మూత వెనక, రెండో స్లాట్ ఖాళీగా ఉంది. ఒక్క స్క్రూ తిప్పి, వేలెడంత కొత్త ఎస్సెస్డీని అందులో గుచ్చి, మళ్లీ స్క్రూ బిగిస్తే పని అయిపోయినట్టే. పాతదాని జోలికే వెళ్లక్కర్లేదు. పావుగంట పని.

నేను నోరు తెరిచేలోపు మొదలాలి కౌంటర్ దాటి వచ్చేశాడు.

"ఉండాది గానీమ్మా, ఆ రెండో స్లాట్లో స్పీడు రాదు. ఆట మధ్యలో తడబడతాది. పాతది ఈడ ఇచ్చేయ్, రెండు టీబీది కొత్తది పెట్టిస్తా. ఉండేదంతా అట్టనే కాపీ అయిపోతాది. మా అన్న చేస్తే ఒక్క ఫైలు పోదు. ఏమన్నా?"

ఆ కంప్యూటర్ లోపలి బోర్డు మీద రెండు స్లాట్లకూ వేగం ఒకటే. ఆ సంగతి నాకు తెలుసు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, నోట్లో నాలుక ఉంది. "మా అన్న చేస్తే" అన్న మాట చెవిలో తియ్యగా పడింది. తల ఊపాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ తలకాయను గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

కౌంటర్లో ఆమె కార్డు రాసింది. పాత డిస్కు ఆరోగ్యం తొంభై ఆరు శాతం, ఏ లోపమూ లేదు, నిండుగా ఉంది. నేనే చూసి చెప్పాను, ఆమె రాసింది.

కాపీ మొదలైంది. అమ్మాయి వెళ్లకుండా స్టూలు మీద కూర్చుంది. ఏ ఆటలాడతావమ్మా అని అడిగితే నవ్వింది.

"ఆడటం తక్కువండీ అంకుల్. చేస్తున్నాను. మూడేళ్లుగా ఒక ఆట తయారుచేస్తున్నాను."

ఫోన్లో చూపించింది. తెల్లవారుజామున ఒక పాల బండి, మూడు చక్రాలది. పాలు విరిగిపోయేలోపు వీధుల్లో తిరిగి అన్ని ఇళ్లకూ పోసిరావాలి. గుంతలుంటాయి, అడ్డంగా పడుకున్న గేదెలుంటాయి. ఆలస్యమైతే మేడల మీద నుంచి ఆడవాళ్లు తిడతారు. ఆ తిట్లు మా తిట్లే! ఉత్తర మద్రాసు తెలుగు, సగం అరవం కలిసినది. వాళ్ల వీధిలో ఉన్న ఆడవాళ్ల చేతే పలికించి రికార్డు చేసుకుందట.

"మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదండీ నాకు. ఇప్పుడు నేనే అలా తిట్టేస్తున్నాను" అంది.

సోమవారం పదకొండింటికి బెంగుళూరులో ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ వాళ్లతో ఫోన్ వీడియోలో మాట్లాడాలట. ఆట మొత్తం తెరిచి చూపించాలి. నచ్చితే అక్కడ ఉద్యోగం. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగంలో పొద్దస్తమానం ఇంకొకరి పట్టికల్లో తప్పులు దిద్దుతుందట. చివరి అంకం, బండి వానలో వెళ్లేది, కంప్యూటర్లో చోటు లేక పూర్తి కావడం లేదు. అందుకే వచ్చింది. ఆ డిస్కులో ఏముందో, దాని విలువేమిటో, ఏ రోజుకు కావాలో, అన్నీ మధ్యాహ్నానికల్లా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేకుండా చేశాడు దేవుడు.

కాపీ అయిదింటికి ముగిసింది. కొత్తదాన్ని బిగించి ఆన్ చేశాను. తెర వచ్చింది, ఆమె పెట్టుకున్న పాల బండి బొమ్మ వచ్చింది. కొనుక్కున్న ఆట ఒకటి తెరిచింది, అదీ నడిచింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఇక నేను ఆమె ఫోల్డర్లోంచి అయిదు పెద్ద ఫైళ్లు తెరవాలి.

"అన్నా, సీక్రం. దీపానికి టైం అయిపోతా ఉండాది" అంది కౌంటర్లో ఆమె. పూలు, హారతి పళ్లెం చేతిలో ఉన్నాయి.

"బల్ల ఖాళీ చేయన్నా. ఆ పాతది కూడా ముగించెయ్" అన్నాడు మొదలాలి.

ముగించేశాను. హార్డ్ డిస్కుల కాలంలో చెరిపినా ఏదో ఒక మూల ఎంతో కొంత మిగిలేది, నానా తంటాలు పడి వెనక్కి లాగేవాళ్లం. ఎస్సెస్డీని పూర్తిగా చెరిపే ఆదేశం ఇస్తే ఒక్క నిమిషం చాలు, ఆ తర్వాత బ్రహ్మదేవుడొచ్చినా ఏమీ దొరకదు. ఆ నిమిషం కూడా నేను తెర వైపు చూడలేదు, బల్ల తుడుస్తున్నాను. అమ్మాయి ప్రసాదం తీసుకుని, కేబినెట్‌ను మళ్లీ దుప్పటిలో చుట్టుకుని, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

శనివారం షాపు తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కనే ఆ దుప్పటి మూట.

"ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి అంకుల్. తెరిస్తే ఏమీ లేదు. వాన మొత్తం పోయింది. తిట్లు కూడా పోయాయి."

కొత్త డిస్కుకు పరీక్ష పెట్టాను. మధ్యాహ్నం దాకా పట్టింది, కానీ పది నిమిషాలకే నాకు అర్థమైపోయింది. రెండు టీబీ అని పైన స్టిక్కరు, లోపల ఉన్నది అందులో ఎనిమిదో వంతు. ఆ కొంచెం నిండేవరకు నిజంగానే రాసుకుంటుంది. నిండాక వచ్చినదంతా రాసుకున్నట్టు నటిస్తుంది. పేర్లు చూపిస్తుంది, కొలతలు చూపిస్తుంది, లోపల శూన్యం. ఇలాంటి నకిలీ సరుకు తయారుచేసేవాణ్ణి ఏం చేయాలో నాకు తెలుసు కానీ అచ్చులో రాయకూడదు. నా పద్ధతి ప్రకారం ఒక్క ఫైలు తెరిచి చూసి ఉంటే శుక్రవారమే బయటపడేది, పాతది నా చేతిలోనే ఉండేది.

మొదలాలిని అడిగాను, ఈ సరుకు ఎక్కడిదని.

"కొత్త పార్టీ అన్నా. బాగా తెలిసినోడే. మనమేమన్నా దొంగ సరుకు కొంటామా? ఎవురన్నారు అట్ట?" అన్నాడు. దొంగ సరుకని నేను అననే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు.

అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చి గొప్పవాళ్లమయ్యేవాళ్లం, ఆ అవకాశం ఇవ్వలేదు. ఒక్కొక్కటే అడిగింది.

"పాతది ఎక్కడుందండీ?"

"నిన్న రాత్రే ఇంకో మిషన్లోకి పోయిందమ్మా. కానీ అది దొరికినా లాభం లేదు, దాన్ని చెరిపేశాం."

"ఎవరు చెరిపారు?"

"నేనే."

"ఫైళ్లు తెరిచి చూడకుండానా?"

ఆమె ఫోన్ తెరిచి, తన బోర్డు పుస్తకం వెతికి, నా ముందు పెట్టింది. "ఇందులో రెండు స్లాట్లకీ స్పీడు ఒకటే అని రాసుందండీ. పాతది తీయాల్సిన అవసరమే లేదు కదా అంకుల్?"

అప్పుడు మొదలాలి బిల్లు వెనకవైపు తిప్పి చూపించాడు. చీమల బారులాంటి అక్షరాలతో, డేటా బాధ్యత కస్టమర్‌దే అని అచ్చువేసి ఉంది. "బ్యాకప్ పెట్టుకోవాల గదమ్మా. చదువుకున్నోళ్లు మీరే ఇట్ట చేస్తే ఎట్టా?" అన్నాడు.

బ్యాకప్ ఉందట ఆమెకు. ఉగాదినాడు తీసుకున్నది. ఆ తర్వాత ఏడు నెలల పని ఈ డిస్కులోనే ఉంది, ఎందుకంటే ఇంకో డిస్కు కొనడానికే మా దగ్గరికి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోమని చెప్పేవాళ్లను చూశాను, కానీ చేతులు కాల్చినవాడే ఆకుల గురించి ఉపన్యాసమివ్వడం ఆ రోజే చూశాను. నా రక్తం సలసల మరిగింది. మరిగి ఏం లాభం? ఆ బిల్లు మడిచి ఆమెకు తిరిగిచ్చాను.

అమ్మాయి సందులోకి వెళ్లి బెంగుళూరు వాళ్లతో మాట్లాడి వచ్చింది. ముఖంలో కొంచెం ప్రాణం కనిపించింది.

"ఒక్క దారి ఉందండీ. సర్వీసులో డేటా పోయిందని మీ దగ్గర్నుంచి ఒక్క కాగితం ఉంటే చాలన్నారు. సోమవారం పదకొండు లోపల పంపితే నన్ను వచ్చే నెలకి మారుస్తారంట. ఈలోపు నేను కూర్చుని చేసేసుకుంటాను. కాగితం లేకపోతే సోమవారం ఉన్నదే చూపించాలంట. నాలుగు లైన్లు రాసివ్వండి అంకుల్. డబ్బులేమీ వద్దు నాకు."

ఇంతే అడిగింది. ఏడు నెలల పనిని పోగొట్టుకున్న మనిషి అడిగింది నాలుగు లైన్లు.

మొదలాలి నన్ను లోపలి గదిలోకి లాక్కెళ్లాడు. "అన్నా, కాగితం ఇచ్చామంటే రేపు అది ఫోన్లల్లో అంతా తిరుగుతాది. షాపు పేరు విడు, నీ పేరు ఏమవుతాది? ముప్పై ఏండ్లకి పైన సంపాదించింది. ఆయన చేతిలో పోయింది అంటారు. ఒక పిల్ల ఆట కోసరం? విడన్నా, పాత్తుక్కలాం." అంటే వదిలెయ్, చూసుకుందాం అని. అతనికి అవసరం పడినప్పుడల్లా అరవం వస్తుంది.

బయటికొచ్చి కౌంటర్లో ఆమెకు చెప్పాడు, కొత్త కార్డు రాయమని. పాత డిస్కు వచ్చేటప్పటికే పాడై ఉందని అందులో ఉండాలట. ఆమె పెన్ను తీసి నా వైపు చూసింది.

"నువ్వు చెప్పన్నా. రాసేదా?"

రాయమని నేను అనలేదు. రాయొద్దని కూడా అనలేదు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు, నేను బల్ల మీద ఉన్న స్క్రూలు డబ్బాలో సర్దుతున్నాను. చివరికి ఆమే పెన్నుకు మూత పెట్టి, "నా చెయ్యి రాదు సామీ" అని కార్డుల కట్టను సొరుగులో వేసి తాళం వేసింది. ఆ షాపులో ఆ రోజు మగతనం ఎవరికైనా ఉందంటే ఆ పెన్ను మూతకుంది.

అమ్మాయి ఒక చీటీ మీద తన ఫోన్ నంబరు, ఇంటి నంబరు రాసి నా చేతిలో పెట్టింది. "మనసు మారితే ఇక్కడికి పంపండి అంకుల్" అంది. మూట ఎత్తుకుని మెట్లు దిగింది.

ఆదివారమంతా రాశాను, చింపాను. పొరపాటున జరిగిందని రాస్తే అబద్ధంలా ఉంది, నేనే చేశానని రాస్తే ముప్పై నాలుగేళ్లు కళ్లముందు తిరుగుతున్నాయి. మధ్యాహ్నం భోజనానికి పిలిచి పిలిచి విసిగి, మా ఆవిడ కాగితం లాక్కుని చదివింది.

"ఇంత పొడుగు ఏందికి? ఏం చేసినావో అదే రాయి. చేసేటప్పుడు లేని నామోషీ రాసేటప్పుడా?"

అప్పుడు రాశాను. నాలుగే లైన్లు. ఆమె పాత డిస్కు బాగుందనీ, దాన్ని తీయాల్సిన అవసరం లేదనీ, కొత్తది నకిలీదనీ, సరిచూడకుండా పాతదాన్ని చెరిపింది నేనేననీ రాసి, కింద సంతకం పెట్టాను. సాయంత్రం నాలుగైంది. ఛాతీ తేలికైంది. పొద్దున్నే చూద్దాం అనుకున్నాను.

సోమవారం తొమ్మిదిన్నరకు మాధవరం బస్సు ఎక్కాల్సినవాణ్ణి, టి. నగర్ బస్సు ఎక్కాను. ముందు మొదలాలి ముఖం ముందు ఆ కాగితం ఆడించి, ఉద్యోగం వదిలేసి, అటునుంచి వెళ్లాలని నిర్ణయం. అన్నీ ఒక వరసలో జరగాలి కదా మరి, గౌరవంగా!

వెళ్లాను. షాపు మెట్ల మీదే మొదలుపెట్టాను. పదకొండేళ్లు గొణిగినదంతా ఆ రోజు అరిచాను. నకిలీ సరుకు గురించి, స్లాట్ అబద్ధం గురించి, బిల్లు వెనక చీమల అక్షరాల గురించి, గిన్నెలు తిరిగిచ్చిన తాత వంశాన ఇలాంటి మనవడు పుట్టడం గురించి. చీరల కొట్ల వాళ్లు బయటికొచ్చారు. నగల కొట్టు కాపలావాడు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. మొదలాలి మొదట నవ్వాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత తల వంచుకున్నాడు. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. మాట తడబడలేదు, సామెత దొర్లలేదు. చివరికి నా స్క్రూడ్రైవర్ల సంచి తీసుకుని, వీధంతా చూస్తుండగా రాజులా నడిచి వచ్చాను.

మాధవరం బస్సు దొరికేసరికి వాన దంచుతోంది. పాల కాలనీలో నీళ్లు మోకాలిదాకా ఉన్నాయి. పంచె ఎగ్గట్టి, కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ ఇల్లు వెతికి మేడ ఎక్కేసరికి పన్నెండూ నలభై.

అమ్మాయి తలుపు తీసింది. నన్ను చూసి పక్కకు జరిగింది, రమ్మని. నేను గడపలోనే నిలబడి కాగితం ఇచ్చాను. చదివింది. రెండోసారి కూడా చదివింది.

"అయిపోయిందండీ. పదకొండింటికే మాట్లాడాను. ఉగాది నాటిది చూపించాను. సగమే ఉంది కదా అన్నారు. మళ్లీ ఎప్పుడైనా చూద్దామన్నారు" అంది.

"మెల్లగా చెప్పి చూడమ్మా. ఇప్పుడు పంపితే..."

"పంపాను కదండీ శనివారమే మెయిలు, కాగితం వస్తుందని. పదకొండు దాకా చూశారు వాళ్లు. నేనూ చూశాను." కాగితాన్ని మళ్లీ కవర్లో పెట్టింది. తడవకుండా జాగ్రత్తగా పెట్టింది. "ఇది ఎప్పుడు రాశారు అంకుల్?"

"నిన్న సాయంత్రం."

ఆమె గొంతు పెంచలేదు. "నా నంబరు ఇచ్చాను కదండీ. ఫోన్లో ఒక ఫొటో తీసి పంపినా సరిపోయేది" అంది.

తోచలేదమ్మా అన్నాను. పెద్దవాణ్ణి, ఫోన్ల సంగతి అంతగా తెలియదన్నట్టు ముఖం పెట్టాను. నమ్మిందో లేదో, మెట్ల మీద జారుతుంది జాగ్రత్త అని చెప్పి తలుపు వేసుకుంది.

ముప్పై నాలుగేళ్లు మిషన్లు బాగుచేసినవాడికి ఫొటో పంపడం రాదా? మొదలాలి మీద కోపమా, నకిలీ సరుకు వాడి మీద కోపమా అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. వాళ్ల మీద ఉన్నది చాలా చిన్నది, రోజుకోసారి తిట్టుకుంటే తీరిపోతుంది. తీరనిది వేరే ఉంది. సోమవారం పదిన్నరకు, నేను షాపు మెట్ల మీద అరుస్తున్నప్పుడు, కౌంటర్లో ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది.

"అన్నా, ఆ పిల్లకి పదకొండుకంట గదా. ఆ కాగితం ముందు ఫోన్లో పట్టి పంపు. తిట్టేది మళ్లా తిట్టుకోవచ్చు."

మొదలాలి అప్పుడే తల వంచాడు. వీధంతా నన్నే చూస్తోంది. "ఉండమ్మా" అని చెయ్యి విడిపించుకుని, ఇంకో అరగంట అరిచాను.